ఒకే ఫాల్ట్, మూడు స్క్రీన్లు, మూడు వాలులు: సీస్మిక్ డిస్‌ప్లే స్కేలింగ్‌పై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని డేటా కృష్ణా-గోదావరి బేసిన్‌ది. తీరం దాటాక లోతు తక్కువగా ఉండే సముద్ర భాగంలో తీసిన 2డీ సీస్మిక్ లైన్ అది; తరంగాలు పంపి, పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులతో భూగర్భాన్ని ఒక గీత వెంట నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ. డెప్త్ మైగ్రేషన్ (ప్రతిధ్వనులను అవి వచ్చిన అసలు లోతుల్లో కూర్చోబెట్టే లెక్క) అయిపోయింది కాబట్టి నిలువు అక్షం కూడా మీటర్లలోనే ఉంది. లైన్ మధ్యలో ఒక గ్రోత్ ఫాల్ట్, అంటే పొరలు పేరుకుంటుండగానే కదులుతూ వచ్చిన పగులు. దాని పక్కనున్న ఇసుకరాయి పొరలోకి డీవియేటెడ్ వెల్ (ఏటవాలు బావి) వేయాలా, వేస్తే ఫాల్ట్‌కి ఎంత ఎడంగా వేయాలి అన్నది చర్చ. కాబట్టి ఫాల్ట్ వాలు ఎన్ని డిగ్రీలన్నది ఊరికే తెలుసుకోవాలని అడిగే ప్రశ్న కాదు, దాని వెనకాల బావి ఖర్చు ఉంది.

ఆ బొమ్మను, అంటే సెక్షన్‌ని, అడ్డంగానూ నిలువుగానూ 1:10,000 స్కేల్‌లో పెట్టాం. రెండు స్కేళ్లూ ఒకటే కాబట్టి తెర మీద కనిపించే కోణమే భూమిలోని కోణం కావాలి. రివ్యూ మీటింగ్‌లో సీనియర్ జియాలజిస్ట్ పాత అలవాటు కొద్దీ పారదర్శకమైన కోణమానిని తెచ్చి కాన్ఫరెన్స్ రూమ్ టీవీ మీద ఆనించి చూశారు. 44 డిగ్రీలు వచ్చింది.

"సర్, నా డెస్క్ మీద ఇది ఇంత పడుకుని లేదండీ. అరవై పైనే ఉంది," అంది ఇంటర్‌ప్రెటర్ (సీస్మిక్ బొమ్మలో పొరలు, ఫాల్ట్‌లు గుర్తించే ఆమె).

"అక్కడ నిలబడి ఇక్కడికొచ్చేసరికి పడుకుందా అమ్మా?" అన్నారాయన. అందరూ నవ్వారు.

తర్వాత ఆమె మానిటర్ మీద కోణమానిని పెట్టి చూస్తే 63 వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో 60కి కాస్త తక్కువ. అదే ఫైలు, అదే సాఫ్ట్‌వేర్, అదే వెర్షన్, సెట్టింగ్స్ డబ్బాలో అదే 1:10,000.

ఇక్కడ అసలు ఇబ్బంది, ఈ మూడు అంకెల్లో దేన్ని చూసినా 'ఇది అసాధ్యం' అనిపించకపోవడం. ఈ బేసిన్‌లో గ్రోత్ ఫాల్ట్‌లు పైన నిటారుగా మొదలై, కిందకు పోయే కొద్దీ వాలు తగ్గుతూ వాడపర్రు షేల్ అనే మెత్తటి బంకరాతి పొరలోకి దిగి దాదాపు అడ్డంగా పడుకుంటాయి. 63 చెప్పినా ఒప్పుకుంటాం, 60 చెప్పినా ఒప్పుకుంటాం, 44 చెబితే "లోతులో ఉంది కదా, అప్పుడే వంగుతోందేమో" అని కథ కూడా అల్లేస్తాం. తెర తప్పుగా చూపించిన బొమ్మకు జియాలజీ వంత పాడిందన్నమాట. 15 డిగ్రీలో 89 డిగ్రీలో వచ్చి ఉంటే ఆ మీటింగ్‌లోనే తేలిపోయేది.

సమాధానం ముందు, కారణం తర్వాత

వాలు ఎంతో తెలుసుకోవడానికి నిజానికి తెరతో పనే లేదు. ఫాల్ట్ పిక్ (ఫాల్ట్ వెంట గీసిన గీత) మీద రెండు చోట్ల క్లిక్ చేసి కోఆర్డినేట్లు రాసుకున్నాం. అడ్డంగా తేడా 400 మీటర్లు, లోతులో తేడా 690 మీటర్లు. 690ని 400తో భాగిస్తే 1.725, ఆ టాంజెంట్ ఉన్న కోణం 59.9 డిగ్రీలు. అంటే ఆ భాగంలో ఫాల్ట్ వాలు 60. ల్యాప్‌టాప్ దాదాపు నిజం చెప్పింది, డెస్క్ మానిటర్ కొంచెం ఎక్కువ చెప్పింది, టీవీ బాగా తక్కువ చెప్పింది.

అక్కడితో ఆపేయొచ్చు. కానీ అంతకు ముందు ఇదే టీవీ మీద చూసి కొలిచిన అంకెలు ఎన్ని రిపోర్టుల్లోకి వెళ్లాయో తెలియదు కాబట్టి కారణం పట్టుకోక తప్పలేదు.

మొదటి అనుమానం ఎప్పుడూ సీస్మిక్ డేటా దాచే సెగ్-వై ఫైలు హెడర్ మీదకే పోతుంది. ట్రేస్ (ఒక్కో చోటి నిలువు రికార్డు) హెడర్‌లో 71, 72 బైట్లలో కోఆర్డినేట్ స్కేలార్ (కోఆర్డినేట్లను గుణించాల్సిన లేదా భాగించాల్సిన అంకె) ఉంటుంది. అది నెగెటివ్ అయితే దానితో భాగించాలి. అక్కడ మైనస్ 100 ఉండాల్సిన చోట మైనస్ 10 ఉంటే దూరాలన్నీ పదింతలైపోతాయి. కానీ అలాంటి తప్పు అన్ని స్క్రీన్ల మీదా ఒకేలా కనిపించాలి. సెక్షన్ ఫాల్ట్ స్ట్రైక్‌కి (అది అడ్డంగా సాగే దిక్కుకి) లంబంగా లేకపోతే వాలు తగ్గి కనిపిస్తుందన్న వాదనా అంతే, లైన్ ఒకటే అయినప్పుడు స్క్రీన్‌ని బట్టి మారదు. టీవీ రిమోట్ తీసి పిక్చర్ సైజ్ చూశాం. పాత ప్రొజెక్టర్ల రోజుల్లో 1024×768 బొమ్మను వెడల్పు తెరకు సరిపడా లాగేసే జబ్బు ఉండేది. దానివల్ల 60 డిగ్రీల ఫాల్ట్ 52 అయ్యేది. ఇక్కడ అదీ కాదు. 3840×2160 సిగ్నల్ పిక్సెల్‌కి పిక్సెల్ వస్తోంది. పెయింట్‌లో చతురస్రం గీస్తే చతురస్రంలాగే కనపడుతోంది.

టీవీ నిర్దోషి అని తేలాక మిగిలింది సాఫ్ట్‌వేరే.

పిక్సెల్స్ లెక్కపెట్టడం

పైథాన్ స్క్రిప్టుతో ఒక దొంగ సెగ్-వై ఫైలు తయారుచేశాను. 12.5 మీటర్లకు ఒకటి చొప్పున 401 ట్రేస్‌లు, 5 మీటర్లకు ఒకటి చొప్పున 1001 శాంపిల్స్; అంటే 5 కిలోమీటర్ల వెడల్పు, 5 కిలోమీటర్ల లోతు. అందులో రెండు రిఫ్లెక్టర్లు (తరంగాలను వెనక్కి పంపే పొరలు) మాత్రమే. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి, రెండూ సరిగ్గా 45 డిగ్రీల వాలుతో దిగి మధ్యలో కలుసుకుని ఎక్స్ గుర్తు గీస్తాయి. భూమితో సంబంధం లేని డేటా కాబట్టి దీని మీద ఎవరూ జియాలజీ మాట్లాడలేరు. ఎక్స్ సమంగా ఉంటే డిస్‌ప్లే సరైనది, బక్కచిక్కితే నిలువుగా సాగింది, చదునైతే అడ్డంగా సాగింది.

డెస్క్ మానిటర్‌పై ఎక్స్ కొంచెం పొడుగ్గా ఉంది. టీవీ మీద ముగ్గు వేస్తూ తొక్కేసినట్టు చదునుగా ఉంది. మూడు చోట్లా స్క్రీన్‌షాట్ తీసి, 1000 మీటర్లు అడ్డంగా ఎన్ని పిక్సెల్స్, నిలువుగా ఎన్ని పిక్సెల్స్ అని లెక్కపెట్టాం. 27 అంగుళాల మానిటర్‌లో అడ్డం 378, నిలువు 428. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అడ్డం 567, నిలువు 556. టీవీలో అడ్డం 567, నిలువు 315.

ఈ అంకెలే గుట్టు విప్పాయి. 1:10,000లో 1000 మీటర్లంటే 10 సెంటీమీటర్లు, అంటే 3.937 అంగుళాలు. 378ని 3.937తో భాగిస్తే 96. 567ని భాగిస్తే 144. విండోస్‌తో పనిచేసిన వాళ్లకు 96 చూడగానే వెలుగుతుంది: డిస్‌ప్లే స్కేలింగ్ 100 శాతం ఉన్నప్పుడు విండోస్ అంగుళానికి ఇన్ని పిక్సెల్స్ అనుకుంటుంది. 150 శాతం పెడితే 144 అవుతుంది. డెస్క్ మానిటర్ 100 శాతంలో ఉంది. ల్యాప్‌టాప్, టీవీ 150 శాతంలో ఉన్నాయి. సరిపోయింది.

మరి నిలువు? 428ని భాగిస్తే 109, 556ని భాగిస్తే 141, 315ని భాగిస్తే 80. ఇవి స్కేలింగ్ అంకెలు కావు, తెరల అసలు సాంద్రతలు. 27 అంగుళాల 2560×1440 మానిటర్‌లో అంగుళానికి దాదాపు 109 పిక్సెల్స్ ఉంటాయి, 15.6 అంగుళాల 1920×1080 ల్యాప్‌టాప్‌లో 141, 55 అంగుళాల 4కే టీవీలో 80.

సాఫ్ట్‌వేర్ అడ్డం స్కేల్‌ని విండోస్ చెప్పిన లాజికల్ డీపీఐతో (అంగుళానికి పిక్సెల్స్), నిలువు స్కేల్‌ని మానిటర్ తన ఈడీఐడీ చిప్‌లో (తన వివరాలు కంప్యూటర్‌కి చెప్పే చిప్‌లో) చెప్పుకునే కొలతల నుంచి వచ్చిన ఫిజికల్ డీపీఐతో లెక్కగడుతోంది. క్యూటీ లాంటి, ప్రోగ్రామ్‌ల విండోలు గీసే టూల్‌కిట్లలో ఈ రెండింటికీ వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి, పేర్లు కూడా దగ్గరదగ్గరగా ఉంటాయి. అడ్డం అక్షం 'సెంటీమీటర్‌కి ఇన్ని ట్రేస్‌లు' అన్న పాత లెక్కతో, నిలువు అక్షం 'సెకనుకి ఇన్ని సెంటీమీటర్లు' అన్న లెక్కతో మొదలైన ప్రోగ్రామ్‌లలో ఆ రెండు ముక్కల కోడ్ రాసినవాళ్లు ఒకరే అయి ఉండాల్సిన అవసరం లేదు. మామూలు ఆఫీసు మానిటర్లన్నీ 96కి అటూ ఇటూగా ఉన్న కాలంలో ఎవరు ఏ ఫంక్షన్ పిలిచినా ఫలితం దాదాపు ఒకటే. తెరల సాంద్రత ఇష్టమొచ్చినట్టు మారాకే తేడా బయటపడింది.

ల్యాప్‌టాప్ నిజం చెప్పడం కూడా దాని గొప్పతనం కాదు. 144కి 141 దగ్గర కాబట్టి అలా కలిసొచ్చింది. అదే ల్యాప్‌టాప్‌ని 125 శాతానికి మార్చగానే ఎక్స్ సాగిపోయింది.

విండోస్ కంపాటిబిలిటీ ట్యాబ్‌లో హై డీపీఐ స్కేలింగ్‌ని సిస్టమ్‌కి అప్పగించే ఆప్షన్ ఉంటుంది కదా, అది పెట్టి చూశాం. అక్షరాలు మసకబారాయి, ఎక్స్ మాత్రం అలాగే చదునుగా ఉంది. కారణం ఆలోచిస్తే సబబే: విండోస్ ప్రోగ్రామ్‌కి చిన్న తెర ఉన్నట్టు నమ్మించి, గీసిన బొమ్మను మొత్తంగా పెద్దది చేస్తుంది. 144 కాస్తా 96 అయింది, 80 కాస్తా 53 అయింది, నిష్పత్తి 1.8 దగ్గరే ఉండిపోయింది.

ఈడీఐడీని కూడా గుడ్డిగా నమ్మే పని లేదు. కొన్ని టీవీలు, ప్రొజెక్టర్లు తమ సైజు రాయాల్సిన చోట సున్నా పెడతాయి. మరికొన్ని 16:9 అన్న నిష్పత్తినే కొలతలుగా రాసేసి, తాము 160 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నామని చెబుతాయి. గోడంత తెర తాను అరచేయంతే ఉన్నానంటుందన్నమాట. ప్రొజెక్టర్ విషయంలో అయితే అసలు సైజు గోడ ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి మారుతుంది, దాన్ని ఏ చిప్‌లోనూ రాయలేరు. అందుకే తెర మీద 'అసలైన సెంటీమీటర్' కోసం పాకులాడే ఫీచర్ మీద నాకు పెద్ద గౌరవం లేదు. రెండు అక్షాలకీ ఒకే తప్పు డీపీఐ వాడినా బొమ్మ పెద్దదో చిన్నదో అవుతుందంతే, కోణం చెడదు. కోణం చెడగొట్టింది ఒకవైపు మాత్రమే నిజాయితీగా ఉండాలన్న ప్రయత్నం.

ఎంత దూరం పోయేది

టీవీ మీది 44 డిగ్రీలతో ఎవరైనా లెక్క ముందుకు తీసుకెళ్తే ఏమయ్యేదో చూద్దాం. ఇసుకరాయి పొర దగ్గర ఫాల్ట్ త్రో (పొర నిలువుగా జారిన ఎత్తు) 150 మీటర్లు. నార్మల్ ఫాల్ట్‌లో (వాలు మీదున్న పక్క కిందకు జారిన ఫాల్ట్, మనదీ అదే) పొర తెగిన రెండు అంచుల మధ్య అడ్డంగా ఖాళీ ఏర్పడుతుంది. హీవ్ అనే ఆ జాగాలో నిలువుగా బావి దింపితే పొర అసలు తగలదు. 60 డిగ్రీల వాలుకు ఆ ఖాళీ 87 మీటర్లు. 44 డిగ్రీలకు 155 మీటర్లు. మ్యాప్‌లో ఫాల్ట్ పాలిగన్ (ఆ ఖాళీని చూపే ఆకారం) దాదాపు రెట్టింపు వెడల్పు అవుతుంది, బావి లక్ష్యం అనవసరంగా పక్కకు జరుగుతుంది, పొరలో చమురు పట్టే విస్తీర్ణం కాగితం మీద తగ్గిపోతుంది. డెస్క్ మానిటర్ మీది 63 నమ్మితే వ్యతిరేక దిశలో తప్పు: ఖాళీ 76 మీటర్లే అనుకుని 11 మీటర్లు ఫాల్ట్ వైపు జరుగుతాం. ఈ రెండో తప్పు చిన్నదే కానీ ఎవరి కంటికీ ఆనదు. నాకు టెన్షన్ పెట్టింది అదే. కోణం పట్టుకునేవాళ్లు సాధారణంగా కూర్చునేది ఆ మానిటర్ ముందే.

కోణం ఒక్కటే కాదు, పొర మందం కూడా మోసపోతుంది. నిలువుగా మూడు రెట్లు సాగదీసిన సెక్షన్‌లో, అంతటా ఒకే మందం ఉన్న పొర ఒక రోల్‌ఓవర్ (ఫాల్ట్ పక్కన పొరలు విల్లులా వంగిన చోటు) మీద పడి ఉందనుకోండి. చదునుగా ఉన్న శిఖరం దగ్గర అది మూడింతలు మందంగా కనిపిస్తుంది. 20 డిగ్రీలు వాలిన పక్క భాగంలో, వాలుకు లంబంగా చూస్తే, 2.16 రెట్లే కనిపిస్తుంది. అంటే పక్కల్లో పొర 28 శాతం సన్నబడినట్టు అనిపిస్తుంది. గ్రోత్ ఫాల్ట్ ఎప్పుడు కదిలిందో చెప్పే సాక్ష్యమే పొర మందంలోని తేడా. దాని మీద ఈ మాయ పడితే ఫాల్ట్ చరిత్రనే తప్పుగా రాస్తాం.

అలాగని నిలువు సాగతీతను తిట్టిపోయక్కర్లేదు. షెల్ఫ్ (తీరం పక్క లోతు తక్కువ సముద్రతలం) అంచున ముందుకు పెరిగిన క్లైనోఫామ్‌ల (ఏటవాలుగా పేరుకున్న పొరల) వాలు రెండు డిగ్రీలు ఉంటే 1:1లో అవి కంటికి కనిపించవు. పదిరెట్లు లాగితే 19 డిగ్రీలు అవుతాయి, వెంటనే పట్టేస్తాం. ప్రాంతీయ సెక్షన్లను ఐదు రెట్లు లాగి చూడటం రోజువారీ పనే. అలాంటి బొమ్మలో మన 60 డిగ్రీల ఫాల్ట్ 83 డిగ్రీలతో గోడలా నిలబడుతుంది, అయినా ఎవరూ దాన్ని కొలవరు, ఎందుకంటే లాగామని అందరికీ తెలుసు. ఈ కేసులో తెలియకుండా లాగబడింది.

టైమ్ సెక్షన్ల (నిలువు అక్షం మీటర్లలో కాక, తరంగం వెళ్లి వచ్చే సెకన్లలో ఉండేవి) సంగతి వేరు. అక్కడ ఒకే బొమ్మలో పైన ఒక సాగతీత, కింద ఒకటి. సెకనుకు 10 సెంటీమీటర్లు, అడ్డంగా 1:25,000 అన్న మామూలు సెట్టింగ్ తీసుకోండి. తరంగ వేగం సెకనుకు 2000 మీటర్లున్న చోట సాగతీత 2.5 రెట్లు. లోతుకు పోయి వేగం 4000 అయితే 1.25 రెట్లే. కాబట్టి తిన్నగా ఉన్న ఫాల్ట్ కూడా కిందకు పోయే కొద్దీ వంగుతున్నట్టు కనిపిస్తుంది. నిజంగానే వంగే ఫాల్ట్‌లున్న బేసిన్‌లో ఏది వంపు, ఏది వేగం అని విడదీయాలంటే డెప్త్ కన్వర్షన్ (సెకన్లను మీటర్లకు మార్చడం) తప్ప దారి లేదు. డిస్‌ప్లే సెట్టింగులతో అది తేలే విషయం కాదు.

3డీ డేటాలో ఇంకో తేలికైన ఉచ్చు ఉంది. బిన్ (ఒక్కో ట్రేస్‌కి చెందిన గడి) 12.5×25 మీటర్లు అయితే, 'ట్రేస్‌కి ఇన్ని పిక్సెల్స్' అన్న సెట్టింగ్‌తో ఇన్‌లైన్, క్రాస్‌లైన్ (ఒకదానికొకటి లంబంగా ఉండే సెక్షన్లు) రెండూ చూసినప్పుడు ఒకదానికంటే ఒకటి రెండు రెట్లు నొక్కుకుపోతుంది. టైమ్ స్లైస్‌లో (అడ్డకోతలో) గుండ్రటి షేల్ డయాపిర్ (కింది నుంచి పైకి పొడుచుకొచ్చిన షేల్ ముద్ద) కోడిగుడ్డులా మారుతుంది. ఇది తెలిసిన సంగతే, కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే చెబుతాం.

ఏం మార్చాం

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఎక్స్ ఫైలు, మూడు స్క్రీన్‌షాట్లు, పిక్సెల్ లెక్కలు పంపాం. మొదట "మీ టీవీ సెట్టింగ్స్ చూసుకోండి" అన్న జవాబొచ్చింది. 96, 144 అన్న అంకెలు మళ్లీ ఎత్తి చూపాక బగ్ అని ఒప్పుకున్నారు.

అది సరయ్యేలోగా 1:10,000 లాంటి స్కేల్ మోడ్ వాడొద్దని మా టీమ్‌లో అనుకున్నాం. దాని బదులు రెండు అక్షాలకీ పిక్సెల్ మోడ్. 12.5 మీటర్ల ట్రేస్‌కి 5 పిక్సెల్స్, 5 మీటర్ల శాంపిల్‌కి 2 పిక్సెల్స్. రెండు వైపులా పిక్సెల్‌కి 2.5 మీటర్లు. డీపీఐ ఊసే లేదు కాబట్టి ఏ తెర మీదైనా ఎక్స్ సమంగానే వస్తుంది.

రెండో మార్పు చిన్నదే, కానీ దాన్ని గట్టిగా పట్టుకున్నాను. బొమ్మ బయటకు పంపేముందు సెక్షన్ మీదే ఒక మూల రెండు గీతలు గీయాలి: అడ్డంగా 1000 మీటర్లు, నిలువుగా 1000 మీటర్లు. శీర్షికలో '1:10,000' అనో 'సాగతీత 1' అనో రాస్తే చాలదు. ఆ అంకె బొమ్మ తయారైన తెర మీద మాత్రమే నిజం. పవర్‌పాయింట్‌లో ఎవరో మూల పట్టుకోకుండా పక్క పట్టుకుని లాగగానే, పీడీఎఫ్‌ని ఏ4కి కుదించగానే, అంకె అలాగే నిలిచి బొమ్మ మారిపోతుంది. గీత మాత్రం బొమ్మతో పాటు సాగుతుంది, దాన్ని కొలిచి అసలు నిష్పత్తి మళ్లీ లెక్కగట్టుకోవచ్చు. గీతలు లేని పాత స్లైడ్లకు అక్షాల మీదున్న సీడీపీ నంబర్లు (ట్రేస్‌ల వరుస సంఖ్యలు), లోతు అంకెలే దిక్కు. రిపోర్టుల్లోని కోణాలను తిరిగి సరిచూసింది వాటితోనే. కోణాలు ఎక్కువ భాగం కోఆర్డినేట్ల నుంచి తీసినవే కాబట్టి నిలబడ్డాయి. స్లైడ్ మీద కొలిచినవి మాత్రం తిరగరాశాం.

సీనియర్ జియాలజిస్ట్ గారి కోణమానినిని ఎవరూ లాక్కోలేదు. తెర మీద కోణం కొలవడం తప్పేమీ కాదు, రెండు గీతలూ సమానమో కాదో ముందు స్కేలుతో చూసుకుంటే చాలు. ఆయనిప్పుడు రెండూ జేబులో పెట్టుకొస్తున్నారు.

తర్వాతి వెర్షన్‌లో రెండు అక్షాలూ ఒకే డీపీఐ వాడేలా సరిచేశారు. అయితే పాత సెషన్ ఫైళ్లలో స్కేల్ పిక్సెల్స్‌గా సేవ్ అయి ఉంది. కొత్త వెర్షన్‌లో వాటిని తెరిస్తే సెట్టింగ్స్ డబ్బాలో 1:10,000 అని చూపిస్తూనే, బొమ్మను మాత్రం పాత నిష్పత్తితో గీస్తుంది. స్కేల్ డబ్బాలో అంకెను చెరిపి మళ్లీ కొట్టి ఎంటర్ నొక్కితేనే సరవుతుంది. దీని మీద ఇంకో కంప్లైంట్ తెరిచే ఉంది.